నెల తప్పితే ముందు లెక్క, తర్వాతే ఏడుపు

(కోనసీమలోని ఒక లంక గ్రామంలో పొదుపు సంఘాల సమావేశంలో, పదవీ విరమణ చేసిన ఒక స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగం.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, చాపలు ఖాళీగా ఉన్నాయి. అరుగు మీదున్న మగవాళ్ళు లేచి వెళ్ళిపోనక్కర్లేదు, ఆయ్. ఈ సంగతిలో సగం మీదే కదా, మీరూ వినండి.

మీ సంఘం లీడరు నాకు ఫోను చేసి, "మేడం, కుటుంబ నియంత్రణ గురించి మాట్లాడాలి" అంది. సరే అన్నాను. పది నిమిషాలాగి మళ్ళీ చేసింది. ఈసారి గొంతు బాగా తగ్గించి, "అది కాదు మేడం, అనుకోకుండా కడుపొస్తే ఏం చెయ్యాలో చెప్పండి. దాని గురించి ఎవరూ చెప్పరు" అంది. 34 ఏళ్ళు ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేశాను. కాన్పుల గదిలో కేకలు విన్నాను, బంధువుల తిట్లు విన్నాను. ఎక్కువగా విన్నది మాత్రం ఆ తగ్గించిన గొంతే. మందులిచ్చే కిటికీ దగ్గర అందరూ వెళ్ళేదాకా ఆగి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సిస్టరుగారూ, నెల తప్పిందండీ" అనే గొంతు.

ఇలాంటిది పెళ్ళికాని పిల్లలకే జరుగుతుందని చాలామంది అనుకుంటారు. నా దగ్గరకొచ్చిన వాళ్ళలో ఎక్కువమంది మెడలో తాళి, చంకలో పిల్ల ఉన్నవాళ్ళే. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2022లో ఇచ్చిన నివేదికలో ప్రపంచంలో వచ్చే గర్భాల్లో దాదాపు సగం అనుకోకుండా వచ్చినవేనని, అవి ఏడాదికి 12 కోట్ల పైమాటేనని రాశారు. అంటే ఈ చాపల మీద కూర్చున్నవాళ్ళలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఈ టెన్షన్ పడే ఉంటారన్నమాట. ఎవరో చెప్పక్కర్లేదు. ఎవరి మొహంలోకీ ఎవరూ చూడకండి.

ఎక్కువగా మోసపోయేది పాలిచ్చే తల్లులు. "బిడ్డ పాలు తాగుతోంది, ఇంకా ముట్టు రాలేదు, నాకెందుకొస్తుంది" అనుకుంటారు. ఆ మాటలో కొంత నిజముంది. బిడ్డకి ఆరు నెలలు నిండకుండా ఉండాలి, రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకుండా ఉండాలి, ముట్టు మళ్ళీ మొదలవకుండా ఉండాలి. ఈ మూడూ ఉన్నంతకాలమే ఆ రక్షణ. బిడ్డకి గుజ్జన్నం మొదలుపెట్టామా, రాత్రిపూట డబ్బాపాలు పట్టామా, ఇక నమ్మడానికి లేదు. పైగా అండం ముందు విడుదలవుతుంది, ముట్టు ఆ తర్వాత వస్తుంది. అందుకని కాన్పు తర్వాత ఒక్కసారి కూడా బయట చేరకుండానే మళ్ళీ కడుపుతో ఉన్నవాళ్ళని ఎంతమందిని చూశానో.

ఇంకొకావిడ గురించి చెబుతాను. చాలా ఏళ్ళయింది, ఊరు చెప్పను. 44 ఏళ్ళ మనిషి. పెద్దకూతురు ఏడో నెల, సీమంతం పెట్టుకున్నారు. ఆవిడ ఒక్కతే ఆసుపత్రికొచ్చి, "కడుపులో గడ్డేదో ఉన్నట్టుందండీ, కదులుతోంది కూడా" అంది. ముట్లు ఆగిపోయే వయసు కదా అని నెలలు తప్పినా పట్టించుకోలేదు. పొట్ట మీద చెయ్యి వేస్తే నాకు తెలిసిపోయింది. స్కానింగులో 22 వారాలు. నేను విషయం చెబితే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? "గడ్డ అని చెప్పమ్మా. గడ్డయితే ఊళ్ళో చెప్పుకోగలను" అంది.

అప్పటి చట్టం ప్రకారం 20 వారాలు దాటితే తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప అబార్షన్ చెయ్యకూడదు. ఆవిడ కనింది. ఆ పిల్లాడు తన మేనల్లుడి కంటే రెండు నెలలు చిన్న. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. ఇప్పుడు ఆవిడకి ఆ కొడుకే ప్రాణం. మీరు నవ్వుతున్నారు, ఆవిడా నవ్వుతూనే చెబుతుంది ఇప్పుడు. కానీ ఒక సంగతి గమనించండి. కననా వద్దా అని ఆలోచించుకునే అవకాశం ఆవిడకి రానేలేదు. వారాలే ఆవిడ తరఫున నిర్ణయించేశాయి. అందుకే నేను ఎప్పుడూ అంటాను, ముందు లెక్క చూసుకోండి, ఏడుపు తర్వాత ఏడవచ్చు.

ఆ లెక్కలో పెద్ద తిరకాసుంది. కాస్త నిదానంగా చెబుతాను.

గర్భాన్ని కలిసిన రోజు నుంచి లెక్కపెట్టరు. ఆఖరి ముట్టు మొదలైన రోజు నుంచి లెక్కపెడతారు. మామూలుగా 28 రోజులకి ముట్టయ్యే మనిషికి అండం 14వ రోజు ప్రాంతంలో వస్తుంది. అంటే కడుపు పడ్డ రోజుకే కాగితం మీద రెండు వారాలు. నెల తప్పిన రోజుకి నాలుగు వారాలు. "ఇంకో వారం చూద్దాం, వస్తుందేమో" అని ఆగితే ఐదు. "పండగ వెళ్ళనీ" అంటే ఏడు. మీరు వారం రోజులే ఆగామనుకుంటారు, డాక్టరమ్మ పుస్తకంలో రెండో నెల నడుస్తూ ఉంటుంది.

ఈ రెండు వారాల వల్ల కాపురాలు కూలిపోబోయిన సందర్భాలున్నాయి. మన వైపు గల్ఫు వెళ్ళని ఇల్లు తక్కువ కదా. ఒకతను కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు. వచ్చి ఆరు వారాలైంది. భార్యకి స్కానింగ్ తీయిస్తే రిపోర్టులో ఎనిమిది వారాలు అని ఉంది. అతను వేళ్ళ మీద లెక్కేశాడు. అత్తగారు ఇంకోసారి లెక్కేసింది. "నువ్వు విమానం దిగి ఆరు వారాలేగా, ఎనిమిదెక్కడివి?" అంది. ఆ పిల్ల గోడకి చేరగిలబడి కూర్చుండిపోయింది. నేను మా వార్డులో గోడకున్న క్యాలెండరు తీసుకొచ్చి, ఆమె ముట్టు తేదీ అడిగి, చుట్టూ గీత గీసి, అక్కడి నుంచి ఎనిమిది వారాలు లెక్కపెట్టి చూపించాను. మొదటి రెండు వారాల్లో కడుపులో బిడ్డ లేనే లేదమ్మా, అవి లెక్క కోసం వేసినవి అని చెప్పాను. అప్పుడతను తల వంచుకున్నాడు. అత్తగారు మాత్రం ఆ క్యాలెండరు ఇంటికి పట్టుకెళతానంది! బహుశా మామగారికి కూడా చూపించాలేమో.

కాబట్టి ముట్టు తేదీ ఎక్కడో ఒకచోట రాసుకోండి. క్యాలెండర్లో పాల లెక్క, వడ్డీ లెక్క రాసుకుంటాం కదా, దాని పక్కనే ఒక చుక్క పెట్టండి చాలు.

నెల తప్పి వారమైతే టెస్టు చేసుకోవచ్చు. మందుల షాపులో కిట్టు దొరుకుతుంది, ఆశా దగ్గరా ఉంటుంది. పొద్దున్నే మొదటిసారి వెళ్ళిన మూత్రం వాడితే సరిగ్గా తెలుస్తుంది. రెండో గీత రాకపోయినా, ముట్టు కూడా రాకపోతే వారమాగి మళ్ళీ చెయ్యండి. రెండు గీతలొస్తే, ఉంచుకున్నా వద్దనుకున్నా, డాక్టరుకి చూపించుకోవడం తప్పదు. ఎందుకంటే ఒక్కోసారి గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో పడుతుంది. అది నిలబడేది కాదు, ట్యూబు పగిలితే లోపలే రక్తం పోయి మనిషి పోతుంది. పొత్తికడుపులో ఒక పక్కన పోటు, కళ్ళు తిరగడం, కొద్దికొద్దిగా రక్తం కనబడటం, ఇలాంటివుంటే తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోను చెయ్యండి. రేవు దాటించే పంటు ఆగిపోయిన రాత్రయితే పడవ మాట్లాడుకునైనా దాటండి.

ఇప్పుడు అసలు సంగతి. రెండు గీతలు వచ్చాయి. ఏం చెయ్యాలి?

ఆ రాత్రే ఏమీ చెయ్యొద్దు. లెక్క తెలిసిన మనిషికి రెండు మూడు రోజులు ఆలోచించుకునే తీరిక ఉంటుంది. ఆరో వారంలో ఉన్నామని తెలిస్తే కంగారుపడి మందుల షాపుకి పరిగెత్తక్కర్లేదు. ఒక్క మనిషికి చెప్పుకోండి. నలుగురికి కాదు, ఒక్కరికి. చెబితే తలకెక్కించుకుని, తిరిగి మీ నెత్తిన రుద్దని మనిషికి. ఒక్కోసారి ఆ మనిషి భర్తే అవుతాడు. ఒక్కోసారి పిన్ని అవుతుంది, తోటికోడలు అవుతుంది, ఆశా అవుతుంది. కొట్టే మొగుడున్న ఇంట్లో ముందు మొగుడికే చెప్పాలని నేను అనను. అలాంటివాళ్ళకి మహిళా హెల్ప్‌లైను 181 ఉంది.

నేను రెండు ప్రశ్నలు అడిగేదాన్ని. మొదటిది, "ఇప్పుడు నీ చుట్టూ ఎవరూ లేరనుకో. అత్తా లేదు, అమ్మా లేదు, ఆయనా లేడు. అప్పుడు నీకేమనిపిస్తుంది?" రెండోది, "వచ్చే నెల ఇదే రోజు పొద్దున్న లేచావు. ఏది అయిపోయుంటే నీకు ఊపిరాడుతుంది?" చాలామందికి మొదటి ప్రశ్నకి కన్నీళ్ళొచ్చేవి, రెండో ప్రశ్నకి జవాబొచ్చేది. ఆ జవాబు ఒక్కోసారి వాళ్ళకే ఆశ్చర్యంగా ఉండేది. తీయించేసుకుందామని వచ్చినామె "లేదండీ, ఉంచుకుంటాను" అనేది. శుభమా అని చెప్పుకోవాల్సినామె "నా వల్ల కాదండీ" అనేది.

తర్వాత కాగితం మీద లెక్కలు. అప్పు ఎంత, వడ్డీ ఎంత, చూసుకునే మనిషి ఎవరు, ముందు కాన్పు ఆపరేషనయితే ఎన్నాళ్ళయింది, ఒంట్లో రక్తమెంత ఉంది. మన రాష్ట్రంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉందని తేలింది, కాబట్టి ఆ ఆఖరి ప్రశ్న చిన్నదేమీ కాదు.

ఇద్దరు మనుషులు గుర్తొస్తారు. ఇద్దరూ గల్ఫుకి పనికి వెళ్ళబోతున్నవాళ్ళే. వీసాకి ముందు మెడికల్ ఉంటుంది కదా, కడుపుతో ఉంటే అన్‌ఫిట్ అంటారు. ఇద్దరికీ అక్కడే బయటపడింది. మొదటామె ఏజెంటుకి కట్టిన డబ్బు మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. ఇద్దరు పిల్లలున్నారు, భర్త మంచంలో ఉన్నాడు. ఏడో వారంలో తీయించుకుంది, ఒళ్ళు కుదుటపడ్డాక మస్కట్ వెళ్ళింది, అప్పు తీర్చింది. రెండో ఆమెకి పెళ్ళైన తొమ్మిదేళ్ళకి మొదటి కడుపు. ఏజెంటుతో తగువు పెట్టుకుని, ఉన్న కాసింత బంగారం తాకట్టు పెట్టి, ప్రయాణం మానేసి బిడ్డని కనింది. ఇద్దరిలో ఎవరిది సరైందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మొదటామె నాకిప్పటికీ క్రిస్మస్‌కి ఫోను చేస్తుంది. "అప్పుడప్పుడూ గుర్తొస్తుందండీ, కానీ మళ్ళీ ఆ రోజొస్తే అదే చేస్తాను" అంటుంది. గుర్తుకు రావడం వేరు, తప్పు చేశాననుకోవడం వేరు. ఈ రెండిటినీ కలిపేసి ఆడవాళ్ళని ఏడిపిస్తారు.

పాపమండీ అంటారు కొందరు. గుడికి వెళ్ళేవాళ్ళూ అంటారు, ప్రార్థనకి వెళ్ళేవాళ్ళూ అంటారు. మీకు అలా అనిపిస్తే అది కూడా మీ తూకంలో వేసుకోండి. మీ నమ్మకం మీది. పక్కింటావిడ తన నమ్మకం తెచ్చి మీ తక్కెడలో వేస్తే మాత్రం తీసి పక్కన పెట్టండి.

ఇక చట్టం. మన దేశంలో అబార్షన్ నేరమని ఇప్పటికీ సగం మంది అనుకుంటారు. నాటు పద్ధతుల్లో తీయించుకుని ఆడవాళ్ళు చచ్చిపోతుంటే 1964లో ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. దాని సిఫారసు మీదే 1971లో గర్భస్రావ చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. 2021లో దాన్ని సవరించారు. ఇప్పుడు 20 వారాల దాకా ఒక అర్హత ఉన్న డాక్టరు ఒప్పుకుంటే చాలు. కారణం కింద తల్లి ఆరోగ్యం ఉంది, మనసు మీద పడే దెబ్బ ఉంది, బిడ్డకి లోపం ఉండటం ఉంది, బలాత్కారం ఉంది. వాడిన సాధనం విఫలమవడం కూడా ఉంది. ముందు ఆ చివరి కారణం దగ్గర "పెళ్ళైన స్త్రీ, ఆమె భర్త" అని ఉండేది. 2021లో "స్త్రీ, ఆమె భాగస్వామి" అని మార్చారు. 20 నుంచి 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, అది కొందరికే. బలాత్కారానికి గురైనవాళ్ళు, మైనర్లు, కడుపుతో ఉండగానే భర్త పోయినవాళ్ళు, విడాకులైనవాళ్ళు, అలాంటివాళ్ళకి. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇందులో పెళ్ళికాని స్త్రీలకీ సమాన హక్కుందని తీర్పిచ్చింది. భర్త బలవంతం చేసినా ఈ చట్టం కింద దాన్ని బలాత్కారంగానే చూడాలని కూడా చెప్పింది. 24 వారాలు దాటితే, తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప, బిడ్డకి పెద్ద లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి.

ఏ డాక్టరు పడితే ఆ డాక్టరు చెయ్యకూడదు, ఎక్కడ పడితే అక్కడ చెయ్యకూడదు. ప్రభుత్వాసుపత్రి గానీ, ప్రభుత్వం అనుమతిచ్చిన ప్రైవేటు ఆసుపత్రి గానీ అవ్వాలి. మీ పేరూ వివరాలూ బయటపెట్టిన డాక్టరుకి ఏడాది దాకా జైలుశిక్ష వెయ్యొచ్చు.

18 నిండని పిల్లయితే తల్లిదండ్రులో సంరక్షకులో సంతకం పెట్టాలి. పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన పోక్సో చట్టం ప్రకారం ఆసుపత్రివాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి. ఈ భయంతోనే చిన్నపిల్లల్ని ఇళ్ళలో దాచేస్తారు, వారాలు దాటిపోతాయి. అందుకనే ఆ పిల్లా తల్లిదండ్రులూ కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో పేరు రాయక్కర్లేదని అదే 2022 తీర్పులో చెప్పారు. ఇది మీ ఊరి టీచర్లకి కూడా చెప్పండి.

ఇప్పుడు మందుల షాపు దగ్గరికొద్దాం. ఇది నాకు కోపమొచ్చే చోటు.

మాత్రలతో అబార్షన్ ఉంది, నిజమే. మంచి పద్ధతే. ముందు మిఫెప్రిస్టోన్, ఒకటి రెండు రోజులాగి మిసోప్రోస్టాల్. మన నిబంధనల్లో తొమ్మిది వారాల్లోపే. డాక్టరు చీటీ మీదే ఇవ్వాలి. కానీ ఏం జరుగుతోంది? ఎవరో ఒక కుర్రాడు వెళ్ళి "కిట్టు" అని అడుగుతాడు, షాపువాడు కాగితంలో చుట్టి ఇచ్చేస్తాడు. ఎన్ని వారాలని అడగడు. ట్యూబులో గర్భమేమో తెలీదు. ట్యూబులో ఉంటే ఈ మాత్రలు దాన్ని తీయలేవు, పైగా రక్తం పడుతోంది కదా, అయిపోయిందిలే అనుకుంటారు.

డిగ్రీ చదివే పిల్ల ఒకతె. హాస్టల్ బాత్‌రూములో మాత్రలు వేసుకుంది. తొమ్మిది వారాలు ఎప్పుడో దాటిపోయాయి. మూడు రోజులు రక్తం పోతూనే ఉంటే స్నేహితురాళ్ళు ప్యాడ్లు తెచ్చిచ్చారు తప్ప ఎవరికీ చెప్పలేదు. మా దగ్గరికొచ్చేసరికి హిమోగ్లోబిన్ ఐదు. పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి. రక్తమెక్కించి, లోపల మిగిలింది తీసి బతికించాం. మెలకువ రాగానే "అమ్మకి చెప్పారా?" అని అడిగింది. ప్రాణం పోతుందని కాదు, అమ్మకి తెలుస్తుందని భయం. మేజర్ పిల్ల, మేము చెప్పలేదు. కానీ ఆ పిల్ల మూడు వారాలు ముందొచ్చి ఉంటే, ఒక స్కానింగు, డాక్టరిచ్చే మాత్రలు, రెండు వారాలకి ఒకసారి వచ్చి చూపించుకోవడం, అంతటితో పోయేది.

డాక్టరిచ్చిన మాత్రలు వేసుకున్నా కొన్ని గుర్తులు తెలుసుకోండి. గంటకి రెండు పెద్ద ప్యాడ్లు చొప్పున వరసగా రెండు గంటలు తడిసిపోతుంటే, ఒక రోజు దాటినా జ్వరం తగ్గకపోతే, దుర్వాసన వస్తుంటే వెంటనే ఆసుపత్రికి రండి. వచ్చాక ఏం మింగారో దాచకండి. మేము పోలీసులం కాదు. నెగిటివ్ గ్రూపు రక్తం ఉన్నవాళ్ళు ముందే చెప్పండి, ఇంజెక్షను అవసరం పడొచ్చు, లేకపోతే తర్వాతి బిడ్డకి ఇబ్బంది. మాత్రలు వద్దనుకుంటే 12 వారాల్లోపు చిన్న గొట్టంతో పీల్చి తీసే పద్ధతి ఉంది, పది పదిహేను నిమిషాల పని, చాలావరకు ఆ రోజే ఇంటికెళ్ళిపోవచ్చు. సరిగ్గా చేయించుకుంటే తర్వాత పిల్లలు పుట్టరన్నది వట్టిమాట.

బొప్పాయి, నువ్వులూ బెల్లం, దిగుడు మెట్లు ఎగిరి దూకడం, వీటితో పోయేదయితే మా ఆసుపత్రికి ఎవరూ వచ్చేవాళ్ళే కాదు. నాటు మందులు, పుల్లలు, వాటి జోలికి అసలు వెళ్ళకండి. ఆర్ఎంపీ చేస్తానన్నా వద్దు.

ఐ-పిల్ లాంటి మాత్ర అబార్షన్ మాత్ర కాదు. కలిసిన 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, కడుపు రాకుండా ఆపేది. వచ్చేసిన కడుపుని ఏమీ చెయ్యదు. అది వేసుకున్నా కడుపొస్తే బిడ్డకి లోపమొస్తుందని భయపడి తీయించుకుంటామంటారు. ఆ భయం అక్కర్లేదు. తెలియక ఒకసారి ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నా అంతే. వద్దనుకోవడానికి మీ కారణాలు మీకుంటే సరే, ఇది మాత్రం కారణం కాదు.

ఇంకొకటి చెప్పి ముందుకెళతాను. "మూడోదీ ఆడపిల్లేనట, అందుకే వద్దు" అంటూ వచ్చేవాళ్ళున్నారు. ఎవరు చెప్పారు ఆడపిల్లని? 1994 చట్టం ప్రకారం చెప్పడం నేరం, చెప్పిన డాక్టరుకి మూడేళ్ళ దాకా జైలు. బిడ్డే వద్దనుకోవడం మీ ఇష్టం. ఆడబిడ్డ వద్దనుకోవడానికి మాత్రం నేను ఏ గది తలుపూ తెరవను.

ఉంచుకుంటామన్నవాళ్ళకి దారి తెలిసిందే కాబట్టి పొడిగా చెబుతాను. 12 వారాల్లోపు నమోదు చేయించుకుని తల్లీబిడ్డల కార్డు తీసుకోండి, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి. ప్రతి నెలా తొమ్మిదో తారీఖున ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ప్రత్యేకంగా చూస్తారు. మొదటి కాన్పుకి మాతృవందన పథకం కింద 5,000 రూపాయలు, రెండోది ఆడపిల్లయితే 6,000. లంకల వాళ్ళకి ఒక్క మాట ఎక్కువ చెప్పాలి. ఆఖరి ముట్టు కార్తీకంలో అయితే పురుడు శ్రావణ భాద్రపదాల్లో పడుతుంది, అంటే వరద నెలలు. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక బయల్దేరడం కాదు. రెండు వారాలు ముందే గట్టు అవతల చుట్టాలింటికో, ఆసుపత్రి ఉన్న ఊరికో చేరిపోండి. పడవలో పురుడు పోశాను నేను ఒకసారి. బాగానే అయింది గానీ, ఆ పూట నా చేతులు వణికిన వణుకు నాకు తెలుసు.

కనగలను గానీ పెంచలేను అనేవాళ్ళూ ఉంటారు. వాళ్ళని తిట్టకండి. ఆ దారికి చట్టముంది. జిల్లాలో బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డని అప్పగించవచ్చు. పెళ్ళికాని తల్లయినా అప్పగించవచ్చు, వివరాలు గోప్యంగా ఉంచుతారు. మనసు మారితే బిడ్డని వెనక్కి తెచ్చుకోవడానికి 60 రోజులు గడువుంటుంది. ఆ తర్వాతే దత్తతకి పంపుతారు. 1098కి ఫోను చేస్తే దారి చెబుతారు. "పిల్లల్లేనివాళ్ళున్నారు, లక్ష ఇప్పిస్తాను" అని ఎవరైనా ఆసుపత్రి గేటు దగ్గర తగిలితే మాత్రం నమ్మకండి. బిడ్డని అమ్మినా కొన్నా ఐదేళ్ళ దాకా జైలు. ఒంటరిగా పెంచుకుంటానంటే అదీ కుదురుతుంది. బిడ్డ తండ్రి పేరు చెప్పకపోయినా తల్లే సంరక్షకురాలు కావచ్చని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది, జనన ధ్రువపత్రం కూడా ఇవ్వాలంది.

ఏది ఎంచుకున్నా కొన్ని రోజులు మనసు బరువుగా ఉంటుంది. నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం రెండు వారాలు దాటినా తగ్గకపోతే 14416కి చెయ్యండి. మనసు బాగోలేనివాళ్ళకి ప్రభుత్వం పెట్టిన ఫోను, టెలిమానస్ అంటారు, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

మరి మళ్ళీ రాకుండా? అబార్షన్ అయిన రెండు వారాలకే అండం మళ్ళీ రావచ్చు, కాబట్టి అదే రోజు అడగండి. కాపర్ టీ పదేళ్ళు పనిచేస్తుంది, కాన్పైన 48 గంటల్లోపు కూడా వేస్తారు. అంతర ఇంజెక్షను మూడు నెలలకోసారి. ఛాయ మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికొకటి, పాలిచ్చే తల్లులకీ పనికొస్తుంది. అన్నీ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

అరుగు మీది అన్నగార్లూ, లేవబోతున్నారేంటి? ఇప్పుడే మీ వంతు. మన రాష్ట్రంలో పెళ్ళైన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆపరేషను చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళలో చేయించుకున్నవాళ్ళు వందకి ఒకరు కూడా లేరు. మగవాళ్ళకి చేసేది కోత కూడా లేని చిన్న పని, అరగంటలో ఇంటికెళ్ళిపోవచ్చు. బరువులెత్తలేం, బలం పోతుంది అంటారు. బలం ఎక్కడికీ పోదు. చేశాక మూడు నెలలు మాత్రం వేరే జాగ్రత్త వాడాలి, అదొక్కటే.

చీటీలు వచ్చినట్టున్నాయి. ఇలా ఇవ్వమ్మా. పేర్లు రాయనందుకు సంతోషం.

"రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేస్తాను, కడుపని తెలిస్తే మానిపిస్తారా?" అని ఉంది. కడుపని తెలిసి పనిలోంచి తీసెయ్యడం చట్టానికి విరుద్ధం. కానీ కాంట్రాక్టరు నోటి మాట మీద పెట్టుకున్నవాళ్ళకి రుజువుండదు. హాజరు కార్డు, జీతం పడిన బ్యాంకు పుస్తకం దాచుకో. మీటింగయ్యాక నన్ను కలువు, ఎవరికి అర్జీ పెట్టాలో చెబుతాను.

ఇది ఆఖరిది. పెన్సిలుతో రాశారు. "ఆసుపత్రికి వెళితే భర్త సంతకం తెస్తేనే చేస్తామన్నారు. ఆయన దుబాయిలో ఉన్నాడు. ఏం చెయ్యాలి?"

అమ్మా, నువ్వెవరో నాకు తెలీదు, తెలియక్కర్లేదు. 18 నిండిన స్త్రీకి ఆమె సంతకం ఒక్కటే చాలు. ఆ కాగితాన్ని ఫారం సి అంటారు. అందులో భర్త సంతకానికి జాగా కూడా లేదు. "ఫారం సి ఇవ్వండి, నేనే సంతకం పెడతాను" అని అడుగు. కుదరదంటే సూపరింటెండెంటు గదెక్కడని అడుగు. ఒక్కదానివే వెళ్ళడానికి భయమైతే, రేపు పొద్దున్న తొమ్మిది గంటల పంటుకి నేను అవతలి రేవులో ఉంటాను. తెల్లచీర, నల్లగొడుగు. పలకరించక్కర్లేదు, నా పక్కన వచ్చి నిలబడు చాలు, ఆటో ఎక్కుదాం.